నాయనమ్మ చెయ్యి, నా రెప్ప

చర్మ వైద్యురాలి బల్ల మీద నా సంచీ బోర్లించాను. కాటుక డబ్బీ, గోళ్ల రంగు సీసా, తలకు వేసుకునే రంగు పొట్లాలు, తలనొప్పి బామ్, కలబంద జెల్, కొబ్బరినూనె, ముఖం కడుక్కునే సబ్బు, మెడికల్ షాపు అతను ఇచ్చిన ట్యూబు. కంటి దగ్గరికి వెళ్లేవి, చేతికి అంటేవి అన్నీ పట్టుకుని రమ్మని ముందే ఫోన్లో చెప్పారు. తెచ్చాను. తెచ్చానే గాని లోపల మండిపోతూనే ఉన్నాను. చూపించాల్సింది రెప్పలైతే సంచీ ఎందుకు? రోగం నా ముఖం మీద ఉంటే ఆవిడ నా సబ్బు వాసన చూస్తుందేమిటి? అప్పటికి నాకు వైద్యుల మీద, వైద్యం చెప్పే వాళ్ల మీద, అసలు నోరున్న ప్రతి మనిషి మీద విసుగు పుట్టి ఉంది.

కనురెప్పలంటే ఎంత, బొటనవేలి గోరంత జాగా. ఆ గోరంత జాగా చలికాలం నుంచి నా బతుకును ఆక్రమించింది. పొద్దున లేచేసరికి రెప్పలు ఉబ్బి ఉండేవి. మధ్యాహ్నానికి ఎండిపోయి, ముడతల దగ్గర సన్నగా చిట్లి, పొలుసులు రాలేవి. నేను జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. బోర్డు వైపు తిరిగి, పిల్లలకు కనపడకుండా, చాక్‌పీసు పట్టుకున్న చేతి మణికట్టుతో రెప్పలు రుద్దుకునేదాన్ని. స్టాఫ్ రూములో అడుగుపెడితే చాలు, "ఏడ్చారా మేడం?" అని ఒకరు. నేను ఏడిపించే రకం గాని ఏడ్చే రకం కాదని ఇన్నేళ్ల పరిచయంలో వాళ్లకు తెలియదా? థైరాయిడ్ చూపించుకోమని ఒకావిడ. ఫోన్ చూడటం తగ్గించమని మా ఆయన. ఆయన ఈ మాట కూడా ఫోన్లోంచి తల ఎత్తకుండానే అంటాడు. ఇది మా మీదుగా దిగే విమానాల పొగ అని పక్క ఫ్లాటావిడ. అదే పొగ ఆవిడ రెప్పల మీద ఎందుకు వాలదో అడిగితే ముఖం మాడ్చుకుంది. ఇక వాచ్‌మన్ భార్య అన్న మాట మాత్రం నేను బదులు చెప్పకుండా విని మెట్లెక్కి వచ్చేశాను. "మీకు దిష్టి తగిలింది మేడం" అంది. ఆ మాటతో నాకు పాత లెక్క ఉంది.

డాక్టరమ్మ చిన్న పిల్ల. మాట తీరు చూస్తే గోదావరి వైపు మనిషి. దీపం దగ్గరికి జరిపి రెప్పలు చూసి, ఇదివరకు ఎప్పుడైనా ఏ వస్తువుకైనా ఇలా అయిందా అండీ అని అడిగింది. చిన్నప్పుడు జీడికి అయిందని చెప్పాను. ఆవిడ తల ఊపి, జీడిపప్పు పడదన్నమాట, ఇప్పటికీ తినడం లేదు కదా అని రాసుకోబోయింది.

"జీడిపప్పు కాదమ్మా, నల్లజీడి. బట్టలుతికేవాళ్లు గుర్తు పెట్టడానికి వాడే గింజ" అన్నాను.

ఆవిడ ఎప్పుడూ చూడలేదట. గింజ పగిలితే నల్లని జిడ్డు వస్తుందని, అది బట్ట మీద పడితే ఎన్ని ఉతుకులకూ పోదని, చర్మం మీద పడితే పొక్కుతుందని చెప్పాను. మా నాయనమ్మ దానితో నాకు దిష్టి తీసి, ఆ చేత్తోనే నా రెప్పలు తుడిచేదని కూడా చెప్పాను. మరి ఆవిడ చేతికి ఏమీ కాలేదా అని డాక్టరమ్మ అడుగుతుందనుకున్నాను. అందరూ అదే అడిగారు. ఈవిడ అడగలేదు. పైగా నేను అడగకుండానే చెప్పింది.

"పని చేసే చేతికి చర్మం మందంగా ఉంటుందండీ. ఒంట్లోకెల్లా పల్చనిది రెప్ప చర్మం. చేతికి ఏమీ చేయని వస్తువే చేతి మీదుగా రెప్పకు చేరి అక్కడ రేగుతుంది. చెయ్యి బాగుంది కదా అని ఆ వస్తువు మంచిదనుకోకూడదు."

తర్వాత ఆవిడ చాలా చెప్పింది. నేను వినలేదు. ఎదురుగా గోడ మీద చర్మం పొరల బొమ్మ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇంత చిన్న జవాబు. నాలుగు మాటలు. ఈ నాలుగు మాటలు నాకు తొమ్మిదో తరగతిలో దొరికి ఉంటే ఒక ఏడాది మిగిలేది. ఓడిపోయిన వాదనకు ఇన్నేళ్ల తర్వాత జవాబు చేతికిచ్చి, ఇక వెళ్లి గెలవండి అంటే ఎక్కడికి వెళ్లాలి? అవతలి మనిషి లేదు కదా.

శంషాబాద్ నుంచి పాల్మాకుల పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే మా ఊరు. బాపు, అంటే మా నాన్న, కూరగాయలు పండించేవాడు. టమాట, వంకాయ, పచ్చిమిర్చి. మా ఇంట్లో పొద్దు నాయనమ్మ దగ్గుతో మొదలయ్యేది. లేచి, నోట్లో తమాకు పెట్టుకుని, గద్దె మీద కూర్చుని, ఎవరు ఎటు పోతున్నారో చూసేది. బర్రె దగ్గర అమ్మ ఆలస్యం చేస్తే దగ్గు పెరిగేది. అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు ఆగిందంటే "ఏమాయె" అని అరిచేది. ఇల్లంతా ఆమె చెవుల్లో ఉండేది. ఆమె చేతులంటే మాత్రం నాకు ఇష్టం. నాగటి కర్రలాగా బిరుసు. వేలి చివర్లు పగిలి, ఆ పగుళ్లలో మట్టి శాశ్వతంగా ఇంకిపోయి ఉండేది. పొయ్యిలోంచి నిప్పు కణికను వేళ్లతో తీసి చుట్ట వెలిగించుకునే బాపుకు ఇచ్చేది, అటు నుంచి ఇటు మార్చుకుంటూ, తొందర లేకుండా. వేడి నూనె చిందినా, మిరపకాయలు తుంచినా, ఆ చేతులకు ఏమీ అయ్యేది కాదు. తమాకు, ఆముదం, కాలిన జీడి కలిసిన వాసన వాటిది. ఇవాళ కూడా ఎక్కడైనా డాంబరు వేస్తుంటే ఆ వాసనలో ఒక పాలు దొరుకుతుంది, నేను అక్కడే ఆగిపోతాను.

జీడిగింజలు ఆమె చిన్న గుడ్డ మూటలో కట్టి దూలానికి వేలాడదీసేది. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు మూట దిగేది, తర్వాతే దవాఖాన మాట. గింజను సూదికి గుచ్చి, నన్ను తూర్పు ముఖంగా నిలబెట్టి, నేను కళ్లు రుద్దుకోకుండా చేతులు వెనక్కి కట్టుకొమ్మనేది. తల చుట్టూ తిప్పి, ఊళ్లో వాళ్ల పేర్లన్నీ గొణిగి, దీపం మీద కాల్చేది. గింజ చిటపటమని, నల్లగా ఉడికి, జిడ్డు కారేది. ఎంత గట్టిగా చిటపటమంటే అంత దిష్టి. ఆ పొగ నేరుగా నా ముఖంలోకి. అయిపోయాక, పాపం పోయిందన్నట్టు, ఆ చేత్తోనే నా రెండు రెప్పలూ మీది నుంచి కిందికి నిమిరేది. అందులో ఎంత ప్రేమ ఉండేదో నాకు తెలుసు. అందులో ఎంత జిడ్డు ఉండేదో ఎవరికీ తెలియదు.

ఎప్పుడు మొదలైందో గాని, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నా రెప్పలు ఎర్రగా, నీరు కారుతూ, పొక్కి ఉండేవి. ఊళ్లో దీనికి ఒకటే మాట, కండ్లు వచ్చినయ్. కండ్లకలకకు అనే మాట అది. నాకు కండ్లు బాగానే ఉన్నాయి, గుడ్డు తెల్లగా ఉంది, రెప్పలే కాలుతున్నాయి. ఆ తేడా చెప్పబోతే వినే ఓపిక ఎవరికీ లేదు. కండ్లు వచ్చిన వాళ్ల కళ్లలోకి చూస్తే చూసినవాళ్లకూ వస్తాయని నమ్మకం కనుక నాతో మాట్లాడేవాళ్లు నా భుజం మీది నుంచి గోడతో మాట్లాడేవాళ్లు. బడిలో నా బెంచీ మీద నేనొక్కదాన్నే. నందివర్ధనం పూలు పెట్టారు, పసుపు నీళ్ల గుడ్డ పెట్టారు, పక్కింటి బాలింత పాలు చుక్కలు వేశారు. ఏది చేసినా ముందో వెనకో నాయనమ్మ మూట దిగేది. రెప్పలు రేగితే దిష్టి, దిష్టికి జీడి, జీడికి రెప్పలు రేగడం. గానుగ ఎద్దులాగా ఆ చుట్టులో తిరిగాము, నేనూ మా ఇల్లూ.

కారణం దొరకని రోగానికి ఎవరో ఒకరు కారణం కట్టక మానరు. మా గల్లీలో పెద్ద బడికి పోయే ఆడపిల్లను నేనే. కనుక కారణం చదువు. మా చిన్నాయన ఒక రోజు బాపుతో, ఆడపిల్ల గంత చదివితే కండ్లు ఊకుంటయా అన్నాడు. బాపు మంచివాడే, కానీ మంచివాళ్లతో చిక్కు ఏమిటంటే వాళ్లకు చెప్పిన ప్రతిదీ ఎక్కుతుంది. పుస్తకం తెరిస్తే "జర బంద్ చెయ్ బిడ్డా" అనేవాడు. మెల్లగా అది, దసరా దాకా చూసి, తగ్గకపోతే బడి మానిపిద్దాం అనే దాకా వచ్చింది. నేను తిండి మానేసి అరిచాను. అమ్మ మాత్రం, "కొట్లాడకే, కొట్లాడితే ఇంక ఎర్రగైతయ్" అంది. అమ్మ జీవితమంతా ఆ ఒక్క మాట మీద నడిచింది, కొట్లాడకే.

అప్పుడు బాలాపూర్‌లో మా మేనత్త కాన్పుకు నాయనమ్మ వెళ్లింది. వెళ్లేటప్పుడు మూట కూడా తీసుకుపోయింది, పుట్టబోయే బిడ్డ కోసం. ఆమె లేని రోజుల్లో పొద్దున దగ్గు లేదు, గద్దె ఖాళీ. అమ్మ మొదటిసారి రొట్టె తడుతూ పాట పాడటం విన్నాను. ఇంకొకటి కూడా జరిగింది. నా రెప్పలు మానాయి. పొక్కులు ఎండి, తొక్క రాలి, కింద లేత చర్మం వచ్చింది. నేను ఎప్పటికన్నా ఎక్కువ చదివాను ఆ రోజుల్లో, కావాలనే, బాపు చూస్తుండగా. ఏమీ కాలేదు. ఆయన నా ముఖంలోకి నేరుగా చూశాడు. ఎన్నాళ్లకో మా ఇంట్లో ఒక మనిషి నా కళ్లలోకి చూశాడు.

నాయనమ్మ తిరిగి వచ్చిన రోజు, కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే, నా రెప్పలు చూసి మురిసిపోయి, దిష్టి తగులుతుందని మూట విప్పబోయింది. నేను అడ్డం నిలబడ్డాను. రోగం బడి వల్ల కాదు, నీ జీడి వల్ల వచ్చింది, నువ్వు పోతే పోయింది అన్నాను. ఆ మాట అంత మొరటుగానే అన్నాను, నాకు అప్పుడూ మెత్తగా చెప్పడం రాదు. ఆమెకు కోపం రాలేదు. ఆశ్చర్యం వచ్చింది. రెండు చేతులూ దీపం వెలుగులోకి చాపి, అటు తిప్పి ఇటు తిప్పి చూపించింది.

"చూడు. నా పుట్టువు నుంచి జీడి పట్టుకుంటున్న. నా చెయ్యికేం కాలే. నీ కంటికేమైతది?"

అంతే. నేను అక్కడే ఓడిపోయాను. ఆ చేతుల మీద ఒక్క మచ్చ లేదు. రోజూ గింజ పట్టుకునే మనిషికి కానిది, పొగ తగిలే మనిషికి ఎలా అవుతుంది? బాపు నా వైపు తిరిగి బదులు చెప్పు అన్నట్టు చూశాడు. మరునాడు బడిలో సైన్సు సారును అడిగితే ఆయన కూడా, అవును, ముందు చెయ్యి పొక్కాలి కదా అన్నాడు. నాకు తెలిసింది నిజం, కానీ నాకు రుజువు లేదు. తర్వాత జీవితంలో చాలా వాదనలు ఓడిపోయాను, గెలిచాను, కొన్ని ఊరికే చేశాను. నిజం నా వైపు ఉండి కూడా నోరు మూసుకోవాల్సి వచ్చింది మాత్రం అదొక్కసారే. అందుకే కాబోలు ఆ తర్వాత నోరు మూయలేదు.

బాపు ఒక తీర్పు చెప్పాడు. ఈ ఇంట్లో నా కోసం జీడి కాల్చొద్దు. నేను బడికి పోవాలి, పుస్తకాలు చదవాలి. కానీ మళ్లీ రెప్పలు రేగితే అది చదువు వల్లనే అని లెక్క, ఇక బడి ముచ్చట ఉండదు. నాయనమ్మ మూటను దూలానికి కట్టేసి, మంచిదని ఊరుకుంది. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. గెలిచేశాననుకున్నాను.

కొన్నాళ్లు అద్భుతంగా గడిచాయి. నా బెంచీ మీదికి మళ్లీ అమ్మాయిలు వచ్చారు. తర్వాత ఒక పొద్దున ఎడమ రెప్ప బిగుసుకున్నట్టు అనిపించింది. అద్దంలో చూసుకుంటే ఎర్రటి గీత. కుడిది బాగానే ఉంది. ఎడమ రెప్ప, ఎడమ చెంప పైభాగం. జుట్టు ముందుకు లాక్కుని, తల వంచుకుని రెండు రోజులు దాచాను. చల్లనీళ్ల గుడ్డ పెట్టుకున్నాను. దాగలేదు. కన్ను మూసుకుపోయేంత వాచింది. బాపు చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. "ఇగ చాలు బిడ్డా" అన్నాడు, నా సంచీ తీసి కొయ్యకు తగిలించాడు. ఆ మెత్తదనానికి నాకు ఇంకా మండింది. తిడితే కొట్లాడవచ్చు. జాలితో ఎట్లా కొట్లాడతాం?

బడి మానిపించిన ఇంట్లో పగలు చాలా పొడుగు. పుస్తకం ముట్టొద్దు, ఎండలోకి పోవద్దు. గద్దె మీద నాయనమ్మ పక్కన కూర్చుని రోడ్డు మీద పోయే బస్సుల చప్పుడు వినేదాన్ని. ఆమె నా తల నిమురుతూ, ఎవడి కన్నో నీ చదువు మీద పడ్డది అని శపించేది. నిజంగానే బాధపడేది, కళ్లొత్తుకునేది. నేను మాత్రం ఒకటే లెక్క వేస్తూ ఉండేదాన్ని. ఎడమదే ఎందుకు? చదివితే రెండు కళ్లతో చదువుతాను కదా. దిష్టి తగిలితే సగం ముఖానికి తగులుతుందా?

ఎడమ వైపు ఒత్తిగిలి పడుకోవడం నాకు అలవాటు. అది తట్టడానికి అన్ని రోజులు పట్టింది. తట్టిన క్షణం లేచి వెళ్లి నా తలకింది మెత్తను ఎండలోకి తెచ్చి, అంచు పళ్లతో కొరికి కుట్లు తెంపాను. దూదిలో చెయ్యి పెడితే గట్టిగా తగిలింది. నల్లదారం ఎక్కించిన జీడిగింజ. దారం ఎక్కాలంటే గింజను సూదితో పొడవాలి కదా, పొడిచిన చోట జిడ్డు ఊరి, దూది నల్లగా అట్టకట్టి, బట్ట దాకా మరక పాకింది. సరిగ్గా నా ఎడమ చెంప ఆనే చోట.

ఆ గింజను గుడ్డలో పట్టుకుని వెళ్లి, చేను నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్న బాపు ముందు పెట్టాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. నాయనమ్మ ఏమీ దాచలేదు. తప్పు దొరికిన మనిషిలాగా కాదు, అర్థం కాని మనిషిలాగా చూసింది.

"కాల్చొద్దంటివి, కాల్చలే" అంది బాపుతో. తర్వాత నాతో, "నీ బడి ఉండాల్నని పెట్టిన బిడ్డా. నువ్వే గెలవాల్నని."

ఆ మాట దగ్గర మా ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. నా బడి పోగొట్టింది నా బడి కోసమే. నేను పందెం గెలవాలని, ఊరి కళ్లు నా మీద పడకుండా, నేను ఇష్టంగా తల పెట్టుకునే చోట కాపలా పెట్టింది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు గింజను పొయ్యిలో వెయ్యబోయి, పొగ వస్తుందని గుర్తొచ్చి, పార తీసుకుని పెరట్లో గుంత తవ్వి పాతిపెట్టాడు. దూలం మీది మూటను కూడా. తిరిగి వచ్చి, కన్ను తగ్గినాక బడికి పో అన్నాడు. తల్లిని ఒక్క మాట అనలేదు. ఆమె మాత్రం చేతులు చాపుకుని కూర్చుని, తనలో తాను, నా చెయ్యికేం కాలే, నా చెయ్యికేం కాలే అనుకుంటూ ఉంది.

కన్ను తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఈలోపు బడిలో నా పేరు కొట్టేశారు. నా తోటివాళ్లు పదికి పోయారు, నేను నాకన్నా చిన్న పిల్లలతో మళ్లీ తొమ్మిది చదివాను. అంత పెద్ద నష్టమా అని ఇప్పుడు ఎవరైనా అంటారు. పద్నాలుగేళ్ల పిల్లకు ఏడాది అంటే ఎంతో వాళ్లు మరిచిపోయి ఉంటారు. ఆ ఏడాదిని నేను క్షమించలేదు. అయితే ఎవరిని క్షమించలేదో మాత్రం తేల్చుకోలేకపోయాను. దుర్మార్గం చేసి ఉంటే సుఖంగా ఉండేది.

ఇంకొకటి కూడా పోయింది. ఆ రోజు తర్వాత నాయనమ్మ నా ముఖం ముట్టుకోలేదు. పోయేదాకా ముట్టుకోలేదు. నా జీడి మాటను ఆమె నమ్మిందని కాదు, చివరి దాకా నమ్మలేదు. నేను దగ్గరికి వెళ్తే చేతులు కొంగులో చుట్టుకునేది. పరీక్ష పాసైన రోజు కూడా, పెళ్లిలో అక్షింతలు వేసేటప్పుడు కూడా, చెయ్యి తల దాకా వచ్చి గాలిలోనే ఆగిపోయేది. నేను పట్టుకుని నా చెంపకు ఆనించుకుని ఉండవచ్చు. అప్పుడు నాకు వాదన గెలవడం మీద ఉన్న ధ్యాస ఇంకేదాని మీదా లేదు.

"మేడం, వింటున్నారా?" అంది డాక్టరమ్మ.

వింటున్నానన్నాను. నా సామానంతా ఆవిడ రెండు కుప్పలుగా చేసింది. రంగులు, బామ్, సువాసన ఉన్నవన్నీ అనుమానం కుప్పలో వేసింది. గోళ్ల రంగు గోళ్లకు ఏమీ చేయదట, ఆ గోళ్లతో కన్ను నలుపుకుంటే రెప్పకు చేస్తుందట. అన్నింటి మీదా మెడికల్ షాపు ట్యూబు పెట్టింది. మొదట చిన్న దురద ఏదో ఉండి ఉంటుంది, దాని మీద మీరు ఈ మందు రాశారు, ఇందులో ఉన్నదే చాలామందికి పడదు, రేగింది, రేగిందని ఇంకా రాశారు, ఇప్పుడు మీ రోగం ఎక్కువ పాలు ఈ మందే అయి ఉండాలి, రెప్పలు మానాక వీపు మీద పట్టీలు వేసి పరీక్ష చేస్తే తేలుతుంది అంది. రోజూ పొద్దున, సాయంత్రం, శ్రద్ధగా, వేలి చివరతో, మీది నుంచి కిందికి రాసుకున్నాను నేను దాన్ని. వేలికి ఏమీ కాలేదు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నా డిగ్రీలన్నీ గోడకు తగిలించుకుని నేను కాల్చింది కూడా జీడే. కాకపోతే దీనికి మూత ఉంది, మూత మీద అక్షరాలు ఉన్నాయి.

మరి ఏం రాయాలి అని అడిగాను. ఏమీ రాయొద్దంది. చల్లని నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ, వాసన లేని వట్టి వాసెలిన్ పల్చగా, అంతే. సొంతంగా కొన్న స్టెరాయిడ్ క్రీములు రెప్పల మీద వాడితే కంటికే ముప్పు అంది. చూపు మసకబడినా, నొప్పి వచ్చినా వెంటనే రమ్మంది. తలగడల గలీబులు సువాసన లేని సబ్బుతో ఉతకమంది. చేతులు కడుక్కోకుండా కళ్లు ముట్టుకోవద్దంది. నేను వాదించాను. ఏమీ చేయకపోవడం కూడా వైద్యమేనా, దానికి ఇంత ఫీజా అన్నాను. ఆవిడ నవ్వి, "అదే కష్టమైన వైద్యమండీ, చాలామంది చేయలేరు" అంది. మా ఇంట్లో ఎవరూ చేయలేకపోయారని చెప్పబోయి మానుకున్నాను. మా వాళ్లకు మనిషి బాధపడుతుంటే ఊరికే చూస్తూ కూర్చోవడం చేతకాదు. ఏదో ఒకటి కాల్చాలి, పూయాలి, కట్టాలి. ఏమీ చేయకపోతే ఇష్టం లేదని అర్థం.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా ఫ్లాటు మీదుగా విమానాలు దిగుతాయి. విమానం వచ్చినప్పుడల్లా అమ్మ మాట మధ్యలో ఆపి, అది పోయాక సరిగ్గా ఆపిన చోట నుంచే అందుకుంటుంది. బర్రె అరుపుకు ఆగినట్టే ఆగుతుంది. ఇంటికి వచ్చి, ట్యూబును చెత్తబుట్టలో వేసి, డాక్టరమ్మ చెప్పిన చేతుల సంగతి అమ్మకు చెప్పాను. మందమైన చర్మం, పల్చని చర్మం. అమ్మ అంతా విని, "గీ మాట అప్పుడే ఎవరన్న చెప్పుంటె ముసల్ది నిమ్మలంగ పోతుండె" అంది. నాకు ఒళ్లు మండింది. ఏడాది పోయింది నాది, నిమ్మలం ఆమెకా? అది పైకే అన్నాను. అమ్మ నా ముందుకు కంచం జరిపింది.

మరునాడు మధ్యాహ్నం గలీబులు ఉతకడానికి తీస్తున్నాను. నాది విప్పాక, విప్పిన గలీబు పక్కన పడేసి, తలగడను తిరగేసి, అంచుల వెంట నొక్కుతూ పోయాను. ఫోము తలగడ. దూది లేదు, కుట్లు లేవు, జిప్పు ఉంది. జిప్పు తీసి లోపల చెయ్యి పెట్టాను. మూలల దాకా పోనిచ్చాను. ఏమీ తగల్లేదు.

"ఏం దేవులాడుతున్నవే?" అంది అమ్మ గుమ్మం దగ్గర నుంచి.

ఏం లేదన్నాను. అమ్మ నా చేతిలో తలగడను చూసింది, నా చెయ్యి లోపల ఎక్కడిదాకా ఉందో చూసింది. ఏదో అనబోయింది, మీద విమానం వచ్చింది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. అమ్మ నోరు తెరిచి అట్లాగే ఆగింది. అది పోయేదాకా నేనూ ఆగాను.

"నేను పెట్టలే" అంది. "పెడ్దామనుకున్న. నువ్వు కొట్లాడతవని పెట్టలే."

లోపలికి వెళ్లిపోయింది. ఎడమ రెప్ప దురద మొదలుపెట్టింది. చెయ్యి దానంతట అదే లేచింది. దించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తూర్పు ఎటో తెలియని ఆ గది మధ్యలో నిలబడ్డాను.